సున్నా వెడల్పు గిల్లుడు

పుత్తూరు కట్టు కట్టించుకొచ్చిన కుడిచేతిని మెడకు వేలాడదీసుకుని నేను ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజులవి. బాత్రూం గడప దగ్గర జారిపడితే మణికట్టు విరిగింది. వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టినాయన, ఈ చెయ్యి కదిపావంటే మళ్లీ నా దగ్గరికే వస్తావని బెదిరించి పంపాడు. ఊరికే కూర్చోవడం నాకు పుట్టినప్పటి నుంచీ చేతకాదు. వంట చేయలేను, బట్ట పిండలేను, నా జడ కూడా కోడలే వేయాలి. ఎంతసేపని రోడ్డున పోయే లారీలను చూస్తాను? అందుకే కోడలు పనిచేసుకునే గదిలో ఆమె పక్కనే కుర్చీ వేయించుకున్నాను.

మాది ఏర్పేడు. కొడుకు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి పోతాడు, వచ్చేసరికి పొద్దు గూకుతుంది. కోడలిది పలమనేరు వైపు. ఇంజనీరింగ్ చదివి, బెంగుళూరు కంపెనీ ఒకదానికి మా ఇంట్లోంచే పనిచేసేది. అప్పటికి ఇంకా పర్మనెంటు కాలేదు. పర్మనెంటు చేస్తేనే ఇంటి నుంచి పనిచేసే వీలు నిలుస్తుంది, లేదంటే బెంగుళూరు వచ్చి ఆఫీసులో కూర్చోవాల్సిందే అని చేరినప్పుడే చెప్పి ఉన్నారు. పెళ్లయి రెండో ఏడు కూడా నిండలేదు, మొగుడూ పెళ్లామూ చెరో ఊళ్లో ఉండాల్సి వస్తుందేమోనని ఇంట్లో అందరికీ ఒక బెంగ ఉండేది. ఎవరం పైకి అనేవాళ్లం కాదు.

నేను ఐదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు అక్షరాలు బస్సు మీద చదివేటంత వచ్చు, అంతే. కానీ విన్నమాట మరిచిపోవడం నాకు రాదు. ఎవరు ఏ మాట ఏ గొంతుతో అన్నారో కూడా గుర్తుంటుంది. ఆ రోజుల్లో కోడలు నాకు చెప్పినవి, ఫోనులో వాళ్ల సారు అన్నవి, అన్నీ ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. అందుకే రాస్తున్నాను. ఒకరు రాయకపోతే అదేమీ జరగనే లేదంటారు. దీంట్లో గొడవంతా అదే.

కోడలి పని ఇదీ. ఆసుపత్రిలో మందును చుక్క చుక్కగా నరంలోకి ఎక్కించే యంత్రం ఒకటుంది. దాని లోపలి చిప్పులో చుక్కలను లెక్కపెట్టే భాగం ఉంటుంది. అది సరిగ్గా లెక్కపెడుతోందా లేదా అని పరీక్షించాలి. చిప్పు ఇంకా తయారు కాలేదు. తయారీకి పంపకముందే దాన్ని కంప్యూటర్లో ఉత్తుత్తిగా నడిపించి చూస్తారట, అట్లా నడిపించేదాని పేరు సిమ్యులేటరు. కడుపులో బిడ్డను స్కానింగులో చూసినట్టన్నమాట అనుకున్నాను. నడిపిస్తే తెర మీద పచ్చటి గీతలు వస్తాయి. గీత కింద పాకుతుంటే సున్నా, మెట్టెక్కి పైన పాకుతుంటే ఒకటి. అన్నింటికంటే పైనున్న గీత కోటగోడ పళ్లలాగా పైకీ కిందికీ, పైకీ కిందికీ ఆగకుండా పోతుంటుంది. అది చిప్పు లోపలి గడియారం. ఆ గడియారం చుక్కలు లెక్కపెట్టే భాగానికి చేరాలంటే మధ్యలో ఒక తలుపు దాటాలి. మందు ఎక్కుతున్నంతసేపు తలుపు తెరిచి ఉంటుంది, యంత్రం ఆపగానే మూసుకుంటుంది. తలుపు దాటొచ్చిన ప్రతి మెట్టుకూ ఒక చుక్క.

చెయ్యి విరిగిన మరుసటి వారం అనుకుంటాను, కోడలు తెరకేసి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని ఉంది. మౌసు చక్రం తిప్పుతోంది. గీతలు పెద్దవవుతున్నాయి, ఇంకా పెద్దవవుతున్నాయి.

"ఏం మే, ఆడ ఏమీ లేదు గదా, ఇంకా యాడికని పెద్దది చేస్తాండావు?"

"ఏమీ లేకపోతే లెక్క యాడ్నించి పెరిగిందత్తా?"

యంత్రం ఆపినప్పుడల్లా లెక్కలో ఒకటి ఎక్కువ వస్తోంది. పడని చుక్క పడినట్టు. ఆ చోట గీతలో మెట్టు లేదు. నేను నా కళ్లతో చూశాను, తలుపు దాటాక ఆ గీత చాపలాగా పరుచుకుని ఉంది. ఎంత పెద్దది చేసినా ఒక నిలువు గీత లాంటిది పిసరంత కనబడుతుంది, దానికి లావు లేదు. ఇంకా పెద్దది చేస్తే అదే గీత, అంతే సన్నం.

ఆ పూట వాళ్ల సారుకు ఫోను చేసింది. మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం బాగా తెలుసు, కోస్తా వైపు తెలుగు, నెమ్మదిగా మాట్లాడతాడు. కోడలు ఫోనులో చెబుతోంది: "జీరో విడ్త్ గ్లిచ్ వస్తాండాది సార్."

ఫోను పెట్టేదాకా ఓర్చుకుని అడిగాను.

"ఎవురు ఎవుర్ని గిల్లిచ్చినారు మే? మీ ఆఫీసులో ఆడబిడ్డల్ని గిల్లేవోళ్లు గానీ ఉండారా ఏంది? చెప్పు, నేను మాట్లాడ్తా."

ఆమె నోటిలోని కాఫీ తెర మీద పడింది. పైటకొంగుతో తుడుచుకుంటూ నవ్వింది, ఇంక ఆపదు. నవ్వీ నవ్వీ, ఉన్నట్టుండి ఆగి నా మొహం చూసింది.

"అత్తా, గ్లిచ్ అంటే అదికాదు, గీతలో వచ్చే చిన్న తప్పు. గానీ నువ్వన్నిందే బాగుండాది. గిల్లుడే ఇది. గిల్లినోడు చెయ్యి ఎనక్కి తీసుకున్నాడు. సూసేవోళ్లకి చెయ్యీ కనబడ్లేదు, గాటూ కనబడ్లేదు. బిడ్డ మాత్రం ఏడస్తాండాది."

అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు గిల్లుడు. కొడుకు బస్సు దిగి వస్తూనే "గిల్లుడు దొరికిందా?" అని అడిగేవాడు.

దొరికింది. ఆ గీతలు చూపించే సాఫ్ట్‌వేరులో మామూలుగా ఎవరూ ముట్టుకోని ఒక మీట ఉందట. అది నొక్కితే ఒక్క క్షణాన్ని విప్పి చూపిస్తుంది. ఆమె నొక్కింది. నేను పక్కనే ఉన్నాను. మడతపెట్టిన చీరను అంచు వైపు నుంచి చూస్తే సన్నటి గీతే గదా. మడత విప్పితే మూరలు మూరలు బయటికొస్తుంది. అట్లాగే ఆ లావు లేని గీత విప్పుకుంది. అదే క్షణం, గడియారం ఒక్క పిసరు కూడా ముందుకు పోలేదు, కానీ లోపల మెట్టు మీద మెట్టు. ముందు గడియారం పైకి లేచింది. తలుపు ఇంకా మూయలేదు. మెట్టు తలుపు దాటింది. అప్పుడు తలుపు మూసుకుంది. మెట్టు పడిపోయింది. అన్నీ ఒక్క క్షణంలోనే.

"ఒక్క క్షణంలోనే అయితే ముందూ ఎనకా ఎట్ల వస్తుంది మే?"

"పెండ్లి బంతిలో అందరికీ ఒకేసారి వడ్డించినాం అంటాం గదత్తా. నిజంగా ఒకేసారా? మొదుటి ఆకులో అన్నం పడినాక గదా కడాకులో పడేది. కంప్యూటరూ అంతే. అంతా ఒకే టైము అని పైన రాస్తాది గానీ, లోపల వరసగా వడ్డిస్తాది. ఆ వరసలో తలుపు ఒక అడుగు ఎనకబడింది."

నాకు అర్థమైంది. పూర్తిగా అయిందని చెప్పను, కానీ జరిగిందని మాత్రం అర్థమైంది. కళ్లముందు విప్పి చూపించాక జరగలేదని ఎట్లా అంటాను?

సారు మాత్రం అన్నాడు. ఆమె తెర ఫోటో పంపితే, చూసి ఫోను చేశాడు. నాకు కూడా వినబడాలని కోడలు స్పీకరు పెట్టింది.

"చూడమ్మా, ఇది సిమ్యులేటరు లోపలి సంగతి. దీని వెడల్పు సున్నా. సున్నా అంటే లేనట్టే కదా. నువ్వు సరిపోల్చే లెక్కలో ఒకటి తగ్గించుకో, అక్కడితో సరిపోతుంది. బగ్గు మూసేసెయ్."

"వెడల్పు సున్నా అన్యాను సార్. లేదన్లేదు." సారుతో మాట్లాడేటప్పుడు ఆమె కొంచెం పుస్తకాల తెలుగు కలుపుతుంది, కోపం వస్తే అది జారిపోతుంది. "ఇది ఉత్తుత్తిది గాబట్టి సున్నా సార్. నిజం చిప్పులో తలుపు మూసుకునేదానికి కొంచెం టైము పడతాది. ఆడ దీనికి వెడల్పు వస్తాది. అప్పుడు మనం లెక్క తగ్గించుకున్నా, రోగికి చుక్క తగ్గేది తగ్గతాది."

"ఇన్నేళ్లలో ఇట్లాంటివి ఎన్ని చూశామమ్మా. మూసెయ్."

ఇక్కడ వాళ్ల ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. తప్పు కనబడితే కంపెనీ కంప్యూటర్లో దాన్ని రాసిపెడతారు, బగ్గు తెరవడం అంటారు. ఎవరు తెరిచారో వాళ్లే మూయాలి. పెద్దసారైనా సరే, ఇంకొకరు తెరిచింది తాను మూయడానికి లేదు. మూసేటప్పుడు ఎందుకు మూస్తున్నామో ఒక ముక్క రాయాలి, దాని పక్కన మూసినవాళ్ల పేరు పడుతుంది. తెరిచి ఉన్న బగ్గు ఒక్కటున్నా చిప్పు తయారీకి పంపడం ఆలస్యమవుతుంది. అంటే వాళ్ల సారుకు మా కోడలి వేలు కావాలి.

ఆ వేలు కదల్లేదు.

నా కొడుకు చెడ్డవాడు కాదు. కానీ భయస్థుడు, వాళ్ల నాయన పోలిక. ఒకనాడు సంగటి, ఊరిబిండి పచ్చడి ముందు పెట్టుకుని మొదలుపెట్టాడు.

"మూసేయ్ మే. దాందేముండాది? వాళ్లే గదా మూయమనేది. తప్పొస్తే వాళ్లే చూసుకుంటారు."

"పేరు నాది పడతాది."

"నీ పేరు ఎవుడు సూస్తాడు?"

"నేను సూస్తా."

వాడు నావైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్నా చెప్పు. పర్మనెంటు గాకుంటే బెంగుళూరు పోవాలంట. నువ్వు చేయిరిగి కూసున్యావు. నేను పొద్దన్నే పోతే రాత్రికొస్తా. ఇల్లెట్ల?"

కోడలు తన చేత్తో నాకు సంగటి ముద్దలు చేసి పెడుతోంది, నేను ఎడమచేత్తో తినలేను గనక. ముద్ద పట్టుకున్న చేయి ఆగింది. నేనేమంటానో అని చూస్తోంది. నాకు తెలుసు, ఈ ఇంట్లో ఆమె పక్కన ఎవరు నిలబడతారన్నది ఆ ముద్ద దగ్గర తేలిపోతుందని.

"నీ పెండ్లాం కండ్లతో సూసిందిరా. నేనూ సూసినా. సూసిందాన్ని సూళ్లేదని రాయమంటావా? ఇల్లు ఎట్లనో జరుగుతాది. నువ్వు సంగటి కెలికేది నేర్చుకో, రెండు చేతులుండాయి గదా నీకు."

"సంగటి నేను కెలకల్లా?"

"శ్రీసిటీలో అంతంత మిషన్లు తిప్పతావంట, కట్టె తిప్పలేవా?"

కోడలు నవ్వును ముద్దతోపాటు నా నోట్లో పెట్టేసింది.

ఆ తరువాత వచ్చింది పెద్ద మీటింగు. తెర మీద చిన్నచిన్న పెట్టెల్లో మొహాలు, అందరూ బెంగుళూరు వాళ్లు. నేను కనబడకుండా పక్కకు జరిగి కూర్చున్నాను. మాట్లాడుకునేది ఇంగ్లీషులో, కానీ మా కోడలి పేరు రాగానే గది చల్లబడినట్టు నాకు తెలిసిపోయింది. సారు నెమ్మదిగా, అందరి ముందు, తెలుగులోకి దిగాడు. ఆమెకు అర్థం కాలేదేమోనని జాలిపడి దిగినట్టు.

"నీకు తెలుగులో చెబుతాను. అదేమీ లేదమ్మా. సున్నా. నీ వల్ల అందరం ఆగి ఉన్నాం. ఈ రోజే మూసెయ్."

నాకు నోరు ఆగలేదు. "ఏమీ లేనిదాన్ని మూసేదానికి ఇంత తొందరేందప్పా నీకు?"

మైకు తెరిచే ఉంది. పెట్టెల్లో ఒకరిద్దరు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. కోడలి మొహంలో రక్తం లేదు.

"ఎవరది?" అన్నాడు సారు.

"మా అత్త సార్."

"ఆఫీసు విషయాలు ఇంట్లోవాళ్ల ముందు పెట్టుకుని మాట్లాడతారా? ఇందుకే ఇంటి నుంచి పని వద్దంటాను."

మాట పోయి తగలాల్సిన చోటే తగిలింది, దెబ్బ మాత్రం మా పిల్లకు తగిలింది. ఆ సాయంత్రమే ఆ భాగం ఆమె నుంచి తీసేసి బెంగుళూరులో ఇంకో అబ్బాయికి ఇచ్చారు. నువ్వు ఆ మాట అనకుండా ఉండాల్సింది అని కొడుకు నన్ను తిట్టాడు. కోడలు తిట్టలేదు. నాకు ఇప్పటికీ ఆ మాట అన్నందుకు బాధ లేదు. అట్లా అడగక ఇంకెట్లా అడగాలో ఎవరైనా చెబితే వింటాను.

పని తీసేసుకున్నారు గానీ బగ్గు తీసుకోలేకపోయారు. తెరిచింది ఆమె. మూయాల్సిందీ ఆమే. ఆమె లేకుండా అది మూయడానికి లేదు. ఇది వాళ్లు పెట్టుకున్న పద్ధతే, మేం పెట్టింది కాదు.

కట్టు విప్పించుకుని పుత్తూరు నుంచి వచ్చిన పూట ఇంట్లో ఫోను మోగుతోంది. ఆడమనిషి గొంతు, కొత్తది. ఆ తలుపును తయారుచేసిన డిజైనరు తానేనని చెప్పింది. మీటింగులో నా మాట విని నవ్వినవాళ్లలో తానూ ఒకతెనని, నవ్వాక రాత్రంతా నిద్ర పట్టలేదని కూడా చెప్పింది. "ఆ క్షణాన్ని విప్పి చూపిస్తావా?" అని అడిగింది. కోడలు తన తెర ఆమెకూ కనబడేటట్టు పెట్టి చూపించింది. అవతల ఆమె దాన్ని ఇంకోసారి విప్పించుకుని చూసింది.

"నేను పెట్టిన తలుపే," అంది చివరికి. "గడియారం కింద ఉన్నప్పుడే మూసుకునేటట్టు పెట్టాల్సింది. అది లేచే క్షణానికి వదిలేశాను."

మరుసటి రోజు మార్చింది. కోడలు నడిపించి చూసింది. యంత్రం ఎన్నిసార్లు ఆపినా లెక్క సరిగ్గా వచ్చింది. క్షణాన్ని విప్పి చూస్తే లోపల కూడా ఏమీ లేదు. ఈసారి ఏమీ లేకపోవడం నిజంగా ఏమీ లేకపోవడమే.

అయిపోయింది అనుకున్నాం. కొడుకు తిరుపతి నుంచి పూలు తెచ్చాడు. కోడలు బగ్గు మూయడానికి కంప్యూటరు తెరిచి, అందులో సారు రాసింది చదివింది. చదివి, నాకు తెలుగులో చెప్పింది. ఇది సిమ్యులేటరు ఊరికే చేసిన రొద, అసలు తప్పేమీ లేదు, అందంగా ఉండాలని చిన్న మార్పు చేశాం. దయచేసి మూయండి.

ఆమె వేలు మళ్లీ ఆగింది.

"సరిచేసినారు గదమ్మే! ఇంకేం గావల్ల నీకు?" కొడుకు గొంతు పెరిగింది.

"సరిచేసింది ఒకటి, రాసింది ఒకటి. అందం కోసం మార్చినామని రాస్తే, రేపు ఇంకొకడు వచ్చి ఇది అవసరం లేదని తీసేస్తాడు. అప్పుడు మళ్లీ అదే గిల్లుడు. ఏమి జరిగిందో అది రాయమను, ఇప్పుడే మూస్తా."

"రాయడు వాడు. వాడికి మర్యాద పోతాది."

"అయితే తెరిచే ఉంటాది."

రాయలేదు. డిజైనరమ్మ ఫోను చేసి, తాను రాయబోతే వద్దన్నారని చెప్పి, గొంతు తగ్గించి క్షమించమంది. కోడలు ఆమెను ఏమీ అనలేదు. చేతిలో పనిని సరిచేసింది, అంతవరకు ఆమె ధైర్యం. అందరిదీ ఒకే కొలత కాదు.

తరువాత కంపెనీ నుంచి కబురు వచ్చింది. పర్మనెంటు ఇప్పుడు కాదు, మళ్లీ చూస్తారు. అందాకా బెంగుళూరు ఆఫీసుకు వచ్చి పనిచేయాలి. బగ్గు మూస్తే ఇంటి నుంచి పని సంగతి ఆలోచిస్తామని సారు విడిగా ఫోనులో అన్నాడు. అదే నెమ్మది గొంతు.

ఆదివారం సామాను సర్దుతున్నాం. నేను నిమ్మకాయ ఊరగాయ సీసా మూత బిగిస్తున్నాను, చెయ్యి ఇంకా పూర్తి పట్టు రాలేదు. కొడుకు గడప మీద కూర్చుని ఆమె చెప్పుల బెల్టు సరిచేస్తున్నాడు. ఇద్దరికీ మొహాలు వాచి ఉన్నాయి, ఏడ్చారని నాకు తెలుసు. నేనూ ఏడ్చాను, వంటింట్లో. ఆమె కంప్యూటరు సంచిలో పెట్టబోతూ ఆగి ఒకసారి తెరిచింది. తెర మీద ఆ బగ్గు. పక్కన ఆమె పేరు. కింద, మూయాలా అని అడిగే గడి.

నేను అడగకూడదు అనుకున్నాను. అయినా అడిగాను. వాడి కోసం అడిగాను, నా కోసం కూడా.

"మూసేసి పోతావా మే?"

"మూయనత్తా."

"అట్లయితే పో," అన్నాను. "పోయి ఆడ కూసో వాళ్ల ముందర."